క్లచ్ తొక్కితే ఆగిపోయే బకెట్: మా పాత మాస్సీ ట్రాక్టర్‌కు ముందు పంపు పెట్టించిన 47 రోజులు

మేడారం జాతర నుంచి వచ్చిన తర్వాతి వారం, ఫిబ్రవరి 6న, పొలాలకు పెంట తోలడం మొదలుపెట్టాం. మూడో ట్రాలీ నిండకముందే మా బాపు (నాన్న) బండి దిగిండు. "ఇగ నాతోని కాదు. ఈ లోడర్ పీకేయ్, కూలోళ్లను పెట్టుకుందాం" అని తువ్వాల దులుపుకొని చెట్టు కిందికి పోయిండు.

మాది పరకాల దగ్గర ఊరు. బండి 1998 మోడల్ మాస్సీ 1035, బాపు కొన్నది. ముందున్న లోడర్‌ను, అంటే మట్టి, పెంట ఎత్తే బకెట్ సామానును, నాలుగేళ్ల కింద జమ్మికుంట దిక్కు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి బిగించాం. దానికి ఆయిల్ బండి సొంత హైడ్రాలిక్ (ఆయిల్ ప్రెషర్‌తో నాగలి ఎత్తే ఏర్పాటు) నుంచే, ట్రాలీ ఎత్తే జాకీకి తీసుకున్నట్టే పక్క పైపు (టాపింగ్) తీసి ఇచ్చాం. పంపు ఆగకుండా కొట్టాలంటే వెనక లిఫ్ట్ లివర్ పైనే ఉండాలి. అందుకని దాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేసేవాళ్లం. నాలుగేళ్లు ఆ ట్యూబు ముక్క మీదే నడిపినం.

బాపు విసుగు ఊరికే కాదు. ట్రాలీ నింపడమంటే కుప్పలోకి దూరాలి, నిండగానే వెనక్కి రావాలి, ట్రాలీ వైపు పోతూ పోతూ బూమ్ (బకెట్‌ను మోసే చేతులు) లేపాలి, అంచుకు జానెడు దూరంలో ఆపాలి. మాది సింగిల్ క్లచ్ బండి. లోపలి పంపు పీటీఓ షాఫ్ట్ (వెనక పనిముట్లకు ఇంజిన్ బలం ఇచ్చే ఇరుసు) మీద తిరుగుతుంది. క్లచ్ తొక్కినామా, చక్రాలతో పాటు పంపూ నిలబడిపోతుంది. బకెట్ ఎక్కడున్నది అక్కడే. అప్పుడు న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, బూమ్ లేపి, మళ్లీ క్లచ్, మళ్లీ గేరు. బకెట్ బకెట్‌కూ ఇదే కథ. మోకాలు నొప్పి ఉన్న మనిషి రోజంతా చేసే పని కాదు. పైగా పొద్దెక్కి ఆయిల్ కాగినంక నిండు బకెట్ పైకి పోవడానికి 20 సెకన్లు పట్టేది.

ఏప్రిల్, మే నెలల్లో చెరువు మట్టి తోలేది ఉంది. అంతలోపు ఏదో ఒకటి తేల్చాలని అనుకున్న.

మొదట మా దగ్గరి మెకానిక్ చూసి, లోపలి పంపు అరిగింది, విప్పి సామాన్లు మార్చాలి, తొమ్మిది వేలు అన్నాడు. సరే అనబోయి ఆగిన. హన్మకొండలో ఒక పాత మేస్త్రి ఉన్నాడు, అందరూ కాకా అంటారు. లోడర్లు, డోజర్లు, ట్రాలీ జాకీలు ఆయన చేతి మీద చాలా నడిచినయి. ఫిబ్రవరి 9న వచ్చిండు. పానా పట్టకముందే "20 లీటర్ల పెయింట్ డబ్బా ఉందా బిడ్డా?" అని అడిగిండు.

లివర్ బాక్స్ (బకెట్‌ను లేపే, దించే లివర్లున్న వాల్వ్) నుంచి గేరు బాక్స్‌లోకి పోయే రిటర్న్ పైపు విప్పి డబ్బాలో పెట్టి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం మీద ఉంచి, నన్ను ఫోన్‌లో టైమ్ చూడమన్నాడు. సరిగ్గా అర నిమిషం. కొలిస్తే ఏడు లీటర్లు. అంటే నిమిషానికి 14. "దీని పంపు ఖరాబ్ కాలె. కొత్తగున్నప్పుడు కూడా 17 లీటర్ల కాడనే ఉంటది దీని ఔకాత్. నాగలి ఎత్తనీకి చేసిన పంపుతోని బకెట్ ఎత్తిపిస్తున్నవ్" అన్నాడు. తొమ్మిది వేలు పెట్టి విప్పినా దక్కేది ఆ మూడు లీటర్లే. క్లచ్ బాధ మాత్రం పోదు.

డబ్బాలో ఆయిల్ బూడిద రంగులో ఉంది. కాకా రెండు వేళ్ల మధ్య రాసి ఎండకు చూపించిండు. సన్నగా మెరుస్తోంది. గేరు పళ్ల పొడి. మాస్సీలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఆయిల్ ఒకటే కాబట్టి నాలుగేళ్లుగా ఆ పొడి మా లివర్ బాక్స్‌లో, బకెట్‌ను లేపే జాకీల్లో తిరుగుతూనే ఉంది. వాటి సీళ్లు ఎందుకు అంత తొందరగా పోతున్నాయో నాకు అప్పుడు సమజైంది.

ఆయన చెప్పిన మార్గం ఒకటే. బండి హైడ్రాలిక్‌ను నాగలికి వదిలేయాలి. లోడర్‌కు వేరే గేర్ పంపు, వేరే ట్యాంకు, వేరే ఆయిల్. పంపును రేడియేటర్ ముందు కూర్చోబెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ముందు తిరిగే చక్రం) నుంచి రేడియేటర్ కింది నుంచి షాఫ్ట్ తీసి నేరుగా తిప్పాలి. ఇంజిన్ తిరిగినంతసేపు పంపు తిరుగుతుంది, క్లచ్‌తో సంబంధం లేదు. పంపు 16 సీసీ, అంటే ఒక చుట్టుకు 16 మిల్లీలీటర్లు. 1500 చుట్లకు 24 లీటర్లు. మా బూమ్ జాకీలు 63 మిల్లీమీటర్ల బోరు (లోపలి వెడల్పు), అర మీటరు స్ట్రోకు (చాచే పొడవు). రెండూ నిండడానికి మూడు లీటర్ల పైచిలుకు కావాలి. ఎనిమిది సెకన్లలో పైకి పోవాలి. ఈ లెక్క ఆయన నోటితోనే చేసిండు, నేను ఇంటికి పోయి కాగితం మీద మళ్లీ చేసి చూసుకున్న. సరిపోయింది. ఖర్చు 28 వేలు అనుకున్నం.

ఫిబ్రవరి 12న హన్మకొండలో పొద్దుగాల బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడి నుంచి సికింద్రాబాద్ రాణిగంజ్. పంపులు మన దగ్గరా దొరుకుతాయి గానీ పంపు, ఫిల్టర్, కప్లింగ్, గేజి అన్నీ ఒకే చోట చూసి కొనొచ్చని పోయిన. కౌంటర్ మీది పిలగాడు వరుసగా ప్రశ్నలు వేసిండు. ఎన్ని సీసీ? షాఫ్ట్ టేపరా, స్ప్లైనా? రైట్ హ్యాండా, లెఫ్ట్ హ్యాండా? ఈ చివరి ప్రశ్నకు నేను ఇంటి దగ్గరే తయారై పోయిన. బండి ముందు కూర్చొని క్రాంక్ పుల్లీ తిరిగేది ఫోన్‌లో వీడియో తీసుకున్న. గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతోంది. వీడియో చూపించి ధీమాగా "రైట్" అన్న. రైట్ హ్యాండ్ పంపు 6,800 రూపాయలకు బిల్లు కొట్టిండు. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు లేత్ పని ముందుకు కదల్లేదు. క్రాంక్ పుల్లీకి బిగించే అడాప్టర్, షాఫ్ట్ లేత్ మీద చేయించాలి. ఫిబ్రవరి 14న ఇచ్చిన. తెల్లారి శివరాత్రి. ఆ తర్వాత లేత్ తమ్ముని చుట్టాలింట్ల పెండ్లి. తర్వాత ఆయన దగ్గరికి ఎవరిదో వరికోత మిషన్ సామాను అర్జెంటుగా వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపు పొద్దుగాల రా అన్నా". ఆ రేపు హోలీ అయినంక, మార్చి 5న వచ్చింది. పని మాత్రం మంచిగ చేసిండు, ఆ మాట అనాలె. అడాప్టర్ బిగించి తిప్పితే షాఫ్ట్ కొస వెంట్రుకవాసి కూడా ఊగలేదు. 4,500 తీసుకున్నడు.

ఆ ఖాళీలోనే ట్యాంకు చేయించిన. నాలుగు మిల్లీమీటర్ల రేకు, 30 లీటర్లు, లోడర్ కుడి స్తంభానికి ఆనించి. కాకా రెండు షరతులు పెట్టిండు. ట్యాంకు అడుగు పంపు కంటే ఎత్తులో ఉండాలి, ఆయిల్ దానంతటదే పంపులోకి దిగాలి. లోపల ఆయిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపుకూ, పంపుకు పోయే సక్షన్ పైపుకూ మధ్య ఒక అడ్డు రేకు ఉండాలి. లేకపోతే వచ్చిన వేడి ఆయిల్ నురగతోనే తిరిగి పంపులోకి పోతుంది.

వెల్డింగ్ అయిన ట్యాంకును డీజిల్‌తో మూడుసార్లు కడిగిన. గుడ్డతో తుడవబోతే కాకా నా చేతిలోంచి గుంజుకున్నడు. గుడ్డ నూలు పోగులు వదులుతుందట, అవి పోయి వాల్వ్‌లో చిక్కుకుంటాయట. "ఇంట్లకెళ్లి గోధుమపిండి తడిపి తే. రొట్టెకు తడిపినట్టు, జర గట్టిగ." నేను వంటింట్లోకి పోయి అడిగితే మా ఆవిడ నా మొఖం చూసి, "ట్రాక్టర్‌కు కూడా షుగరా, చపాతీలు తింటుందా?" అన్నది. ఆ ముద్దను ట్యాంకు మూలల్లో, వెల్డింగ్ అంచుల వెంట ఒత్తి తీస్తుంటే, శుభ్రంగా ఉందనుకున్న చోటు నుంచి నల్లటి గుండ్రటి చుక్కలు అంటుకొని వచ్చినయి. వెల్డింగ్ చిటపటలకు పడ్డ గుండ్లు, ఆవగింజలో సగం ఉంటాయి. నాలుగు ముద్దలు పట్టింది. చివరి ముద్ద తెల్లగా వచ్చినంకే మూత బిగించనిచ్చిండు.

మార్చి 7న పైపులు. ఇక్కడ ఇంకో దెబ్బ. పంపు నుంచి లివర్ బాక్స్‌కు పోయే అర అంగుళం రెండు వైర్ల పైపును వరంగల్‌లో క్రింపింగ్ చేయించి (కొసలకు నిప్పిళ్లు నొక్కించి) తెచ్చిన. లివర్ బాక్స్ దగ్గర రెండు చుట్లు సాఫీగా ఎక్కి బిగుసుకుంది. పానా వేసి ఇంకో చుట్టు తిప్పుదామనుకునేలోపు కాకా అరిచిండు. పైపు కొసది బీఎస్పీ అనే అంగుళాల మర, అంగుళానికి 14 చుట్లు. బాక్స్‌ది మెట్రిక్, అంటే మిల్లీమీటర్ల మర. కంటికి రెండూ ఒకటే. ఇంకొంచెం బలం పెట్టి ఉంటే బాక్స్ మర పోయేది, కొత్త బాక్స్ కొనాల్సి వచ్చేది. కావాల్సింది 120 రూపాయల అడాప్టర్. దాని కోసం మళ్లీ వరంగల్, ఒక పూట. మీరు పోయేటప్పుడు కొలతలు రాసుకొని పోకండి, బాక్స్ నుంచి విప్పిన పాత నిప్పిల్‌నే జేబులో వేసుకొని పోండి.

మార్చి 9, సోమవారం, మొదటి స్టార్ట్. కొబ్బరికాయ కూడా కొట్టినం. 26 లీటర్ల బకెట్ ఆయిల్, 68 గ్రేడ్, ట్యాంకులో పోసినం. బాపు కీ తిప్పిండు. ఇంజిన్ అందుకుంది. నేను లివర్ లాగిన. బూమ్ కదల్లేదు. లోపల ఎక్కడో గరగర. ఇంకో రెండు సెకన్లకు రేడియేటర్ కింద "టప్" మని చప్పుడు, ఆ వెంటనే ముందు యాక్సిల్ మీద ఆయిల్ ధార. ఆపెయ్ ఆపెయ్ అని నేను మొత్తుకునేలోపు నాలుగు లీటర్లు నేల పాలు. పంపు షాఫ్ట్ దగ్గరి సీలు ఊడి బయటికి వచ్చింది.

రాణిగంజ్ షాపుకు ఫోన్ చేసిన, కోపంగానే. పిలగాడు మొత్తం విని, నిమ్మళంగా ఒక్కటే అడిగిండు. "వీడియో ఎటు నిలబడి తీసినవ్ అన్నా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. కాకా ఒక బోల్టు తీసి మా ఇద్దరి మధ్య అడ్డంగా పట్టుకున్నడు. "నువ్వు అటు నుంచి చూడు, నేను ఇటు నుంచి చూస్త." తిప్పిండు. నాకు గడియారం దిక్కు. ఆయనకు ఎదురు దిక్కు. పంపుకు రైట్, లెఫ్ట్ అనేది దాని షాఫ్ట్ వైపు నిలబడి చూసి చెప్పే మాట. మా పంపు షాఫ్ట్ మొఖం ఇంజిన్ వైపు ఉంది. అంటే ఇంజిన్ దగ్గర నిలబడి ముందుకు చూడాలి. నేను బండి ముందు కూర్చొని వెనక్కి చూసిన. మాకు కావాల్సింది లెఫ్ట్. ఎదురు తిరిగితే ప్రెషర్ సక్షన్ వైపు, సీలు దగ్గరికి వస్తుంది. అది ఆ బలానికి చేసిన సీలు కాదు. పంపు బెల్టు మీద, ఇంజిన్ పక్కన, షాఫ్ట్ ముందుకు పెట్టి బిగించి ఉంటే నేను కొన్న రైటే సరిపోయేది. కాకాకు ఈ సంగతి తెలుసు. పంపు మీది బాణం గుర్తు ఆయనా చూడలేదు. "నాది కూడా తప్పే బిడ్డా" అన్నడు. కూలిలో వెయ్యి తగ్గించిండు, నేను అడగలేదు.

వాడిన పంపు వాపసు తీసుకోరు. ఈ మోడల్‌ను విప్పి తిరగేసి బిగించడం కుదరదట. మార్చి 11న మళ్లీ ఉప్పల్ బస్సు, మళ్లీ 6,800. ఈసారి పంపు చేతికి రాగానే షాఫ్ట్ నా మొఖం వైపు తిప్పుకొని, బాణం గుర్తు మీద వేలు పెట్టి, ఎడమకు ఉందని చూసుకున్నంకే డబ్బులిచ్చిన. పక్కనున్నాయన నవ్విండు. నవ్వనీ.

మార్చి 14న లెఫ్ట్ పంపు ఎక్కింది. బూమ్ లేచింది, కానీ మెట్లెక్కినట్టు, ఆగి ఆగి. ట్యాంకు మూత తీస్తే ఆయిల్ పాలలా తెల్లగా, నురగ. గాలి ఎక్కడి నుంచో దూరుతోంది. చుక్క కారితే కనబడుతుంది గానీ, సక్షన్ పైపు లోపలికి గాలి గుంజుకుంటే బయట ఏమీ కనబడదు. రెండు రోజులు అన్నీ బిగించి చూసినం. చివరికి కాకా ఒక్కో జాయింట్ చుట్టూ గ్రీజు మందంగా పూసుకుంటూ వచ్చిండు. ట్యాంకు దగ్గరి క్లాంపుకు పూయగానే పంపు గరగర ఆగిపోయింది. 40 రూపాయల క్లాంపు. రెండు క్లాంపులు వేసినం, ఆయిల్‌ను రాత్రంతా నిమ్మళంగా ఉండనిచ్చినం, తెల్లారి తేటగా ఉంది.

ఈ వెతుకులాటలోనే నేను చేయబోయిన ఒక పని చెప్పాలి. ప్రెషర్ పైపు నిప్పిల్ దగ్గర సన్నగా పొగలాంటిది కనిపించింది. ఎక్కడి నుంచో చూద్దామని ఇంజిన్ నడుస్తుండగానే చెయ్యి పెట్టబోయిన. కాకా నా చేతి మీద పానాతోనే కొట్టిండు. నొప్పి రెండు రోజులు ఉంది. సూది మొనంత రంధ్రం నుంచి ఆ ప్రెషర్‌లో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, పెద్దగా నొప్పి ఉండదు. ఏమీ కాలేదని ఇంటికి పోయి పడుకుంటే చెయ్యి లోపల్లోపల పాడైపోతుంది, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేళ్లు పోతాయి. ఆయన అట్టముక్క తెచ్చి పైపు వెంట జరిపిండు. ఒక చోట అట్ట మీద సన్నని తడి గీత పడింది. ఇంజిన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ప్రెషర్ వదిలి, అప్పుడు బిగించిండు.

ఉగాది పండుగ రెండు రోజులు పని లేదు. మార్చి 21న ప్రెషర్ సెట్టింగ్. మా పాత లివర్ బాక్స్‌కు రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితి మీరితే ఆయిల్‌ను వదిలేసేది) ఉంది, కానీ ఎవరో దాని స్క్రూను మొత్తం లోపలికి తిప్పేసి ఉంచిండ్రు. ఇన్నేళ్లు ఏమీ కాలేదు ఎందుకంటే బండి సొంత హైడ్రాలిక్‌లోనే ఒక రిలీఫ్ ఉంది, అదే కాపాడింది. కొత్త పంపుకు అలాంటిదేమీ లేదు. ఇంకా ఎక్కడా ఆపేది లేకపోతే పైపన్నా పగలాలి, పంపన్నా పగలాలి. గేజి పెట్టి, బూమ్ చివరిదాకా లేపి లివర్ అలాగే పట్టుకుంటే ముల్లు 200 దాటి పోతోంది, ఇంజిన్ మూలుగుతోంది. కాకా స్క్రూను పావు చుట్టు, పావు చుట్టు వెనక్కి తిప్పుకుంటూ 150 బార్ దగ్గర ఆపిండు. "ఇంకొంచెం పెట్టు కాకా, తడి మట్టి ఎత్తాలి కదా" అన్న. "పంపుకు బలముంది, బండి ముక్కుకు లేదు" అని లోడర్ బిగించిన పట్టీ మీద పాత వెల్డింగ్ పగులు చూపించిండు. నేను నాలుగేళ్లలో చూడని పగులు. అది మళ్లీ వెల్డింగ్ చేయించడానికి ఇంకో రోజు. ఆ రోజంతా బూమ్‌ను కింద కట్టె దుంగల మీద ఆనించి పెట్టినం. ఎత్తిన బూమ్ కిందికి ఆయన తలకాయ కూడా పెట్టనియ్యడు.

మార్చి 25న బండి మళ్లీ పెంటకుప్ప దగ్గరికి పోయింది. మొత్తం 47 రోజులు. చేతి పని చూస్తే ఎనిమిది, తొమ్మిది రోజులే. మిగిలిందంతా "రేపు రా".

ఖర్చు 49,600. రెండు పంపులకే 13,600 పోయింది. ట్యాంకు 5,200, పైపులు, క్రింపింగ్, నిప్పిళ్లు 6,400. ఇదే నేను అసలు లెక్కలో రెండు వేలు రాసుకున్నది. ఆయిల్ 5,600, ఒలికినదానికి ఇంకో అయిదు లీటర్ల డబ్బాతో కలిపి. కాకాకు 7,000. లేత్ 4,500. ఫిల్టర్, సక్షన్ జాలీ, గేజి 2,700. మిగిలింది బ్రాకెట్, వెల్డింగ్, కప్లింగ్, బస్సు చార్జీలు, రాణిగంజ్‌లో రెండు బిర్యానీలు. రైట్ పంపుకు 350 పెట్టి సీలు వేయించిన, ఆ డబ్బు పై లెక్కలో లేదు. బెల్టు మీద పెట్టుకునేవాళ్లు అడిగితే ఇచ్చేస్త.

ఇప్పుడు నిండు బకెట్ ఎనిమిది, తొమ్మిది సెకన్లలో పైకి పోతుంది. గంట పని చేస్తే ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడెక్కుతోంది, ఎండాకాలం మధ్యాహ్నాలు కాసేపు ఆపుతున్నం. ఆయిల్ లెవల్ చూసేటప్పుడు బకెట్ నేల మీద ఉండాలి. మొదటి రోజు బూమ్ పైన ఉండగా చూసి, తక్కువైందని ఇంకో మూడు లీటర్లు పోసిన. దించగానే మూత లోంచి పొంగింది. వెనకకు కల్టివేటర్ తగిలించే నడుపుతున్నం, లేకపోతే బండి వెనక చక్రాలు తేలిపోతున్నయి.

బాపు మొదటి బకెట్ నింపి ట్రాలీ వైపు వచ్చిండు. అలవాటు ప్రకారం క్లచ్ తొక్కి, బూమ్ ఆగుతుందని లివర్ మీద చెయ్యి అలాగే ఉంచిండు. బూమ్ ఆగలేదు. ఉలిక్కిపడి లివర్ వదిలేసిండు, నాకేసి చూసిండు. మళ్లీ మెల్లగా లాగిండు, కాలు క్లచ్ మీదే ఉంచి. బకెట్ లేచి ట్రాలీ అంచు దాటింది. "మోకాలుకు నలభై తొమ్మిది వేలు" అన్నడు, ఖర్చు ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

బకెట్ తిప్పే జాకీ ఒకటి ఇంకా చెమరుస్తోంది, పాత ఆయిల్ పొడి గీసిన గీతలట. సీల్ కిట్ రేపు వస్తదట.